స్వామిత్వము - దాస్యము

లోకములో ఆజ్ఞకు లోబడుట రెండు విధములు. దండనకు వెరచి లోబడుట ఒకటి. ఆజ్ఞాపించువాడు తనకు ప్రభువని ఎరిగి లోబడుట మరియొకటి. మొదటిది కావలివాడు కనుమరుగైనంతనే తొలగిపోవును. రెండవదానికి కావలితో పనిలేదు. శ్రీవైష్ణవ సంప్రదాయములో పెద్దలు కైంకర్యమునకు ముందు శేషత్వమును బోధించుటకు కారణమిదియే. జీవుడు భగవంతుని సొత్తు అను ఎరుక కలిగిన పిదపనే సేవ సేవ యగును. ఆ ఎరుక లేనినాడు అది బేరము వంటిది, ప్రతిఫలము తగ్గినచో ఆగిపోవును.

ఈ విషయము భద్రగిరి చరిత్రలో తేటతెల్లముగా కనిపించును. పోకల దమ్మక్క భద్రిరెడ్డిపాలెమున నివసించిన గిరిజన స్త్రీ. స్వామి స్వప్నమున కనిపించి అడవిలో పుట్టలోనున్న తన ఉనికిని తెలుపగా, ఆమె సాక్ష్యము కోరలేదు, తన కులమును విద్యను తలచి వెనుదీయలేదు. గోదావరీజలముతో పుట్టను కరగించి, మూర్తులను వెలికితీసి, పందిరి వేసి, తాటిపండ్లు నివేదించెనని స్థలపురాణము. ఆగమమెరుగని ఆ తల్లికి తెలిసినది ఒక్కటే: పిలిచినవాడు యజమాని.

నేలకొండపల్లిలో జన్మించిన కంచర్ల గోపన్న స్థితి ఇంతకు భిన్నము. అధికారమనగానేమో ఆయనకు తెలియును. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా (1672-1687) పాలనలో, మేనమామలైన అక్కన్న మాదన్నల పలుకుబడివలన, పాల్వంచ పరగణాకు తహసీలుదారయ్యెను. వసూలైన శిస్తులో ఆరు లక్షల వరహాలు ఆలయమునకు, ఆభరణములకు వెచ్చించి, పండ్రెండేండ్లు గోల్కొండ చెరసాలలో మ్రగ్గెనని ప్రసిద్ధి.

ఇచ్చట ఒక చిక్కుప్రశ్న కలదు. ప్రభువు అనుమతి లేక సర్కారు సొమ్మును వ్యయము చేయుట ధర్మమా? హరికథలలో ఈ ప్రశ్నను దాటవేయుట కద్దు. దాటవేయవలసిన అవసరము లేదు, కథయే సమాధానము చెప్పుచున్నది. రామోజీ లక్ష్మోజీ అను పేర్లతో అన్నదమ్ములిద్దరు రాత్రివేళ తానీషా కడకు వచ్చి, పైకమంతయు చెల్లించి, రసీదు పుచ్చుకొనిరి కదా! శ్రీరాముడు చెరసాల తలుపులు బ్రద్దలు కొట్టలేదు. సుల్తానును శిక్షించలేదు. భక్తుని బాకీని బాకీగానే అంగీకరించి తీర్చెను. తండ్రిమాటకై సింహాసనమును విడిచి ఈ దండకారణ్యమునకు వచ్చినవాడు లోకమర్యాదను మీరునా? దైవమే ప్రభువని నమ్ముట మానవుల అప్పులను ఎగవేయుటకు అనుమతి కాజాలదని ఈ గాథవలన గ్రహింపనగును.

చెరలోని గోపన్న పలుకులు మరింత ఆలోచింపదగినవి. ఒక కీర్తనలో ఆయన సీతమ్మకు, లక్ష్మణునకు, భరతునకు చేయించిన నగలను పేరుపేరునా చెప్పి, ఖర్చును లెక్కగట్టి, స్వామిని నిలదీసెను. అది తహసీలుదారు నోటి లెక్క! అంతలోనే, తిట్టితినని నొచ్చుకొనవలదని వేడుకొనెను. ఇది అవిధేయత యందురా? స్వామిత్వమును త్రోసిపుచ్చినవాడు స్వామితో తగవులాడడు, వేరొక గడపను వెదకుకొనును. దెబ్బలకోర్వలేక కేకలిడిన నాడును గోపన్న మరియొక ప్రభువును ఆశ్రయింపలేదు. కనుకనే గోపన్న అను పేరు మరుగునపడి రామదాసు అను పేరు నిలిచినది. అందులో తనదని చెప్పుకొనదగినది దాస్యమొక్కటే.

భరతుడును ఇట్టివాడే. పదునాలుగేండ్లు నందిగ్రామమున రాజ్యకార్యములను పాదుకలకు విన్నవించిన పిదపనే నెరవేర్చెను. పాదుకలు బదులు పలుకవు. అయినను విన్నవించుట మానలేదు.

రసీదు వ్రాసియిచ్చిన తానీషా పిదప ఏమి చేసెను? శ్రీరామనవమినాడు జరుగు కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము ఆయనతో ఆరంభమైనదని ప్రసిద్ధి. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యెను, కుతుబ్‌షాహీల రాజ్యము అంతరించెను. అసఫ్‌జాహీల పాలన వచ్చి పోయెను. రాష్ట్రములు ఏర్పడి, కలసి, విడిపోయెను. 2016లో జిల్లాయే మారి భద్రాద్రి కొత్తగూడెమయ్యెను. ఆచారము మాత్రము నిలిచియున్నది. నేటికిని ప్రభుత్వము పక్షమున పట్టువస్త్రములను, తలంబ్రాలను శిరసున ధరించి తెచ్చి స్వామికి సమర్పించుచున్నారు. మరునాడు దశమిన అదే మిథిలా మంటపములో శ్రీరామునకు పట్టాభిషేకము జరుగును.