వైరు కొనేముందు పొగ సంగతి అడగండి

దీపావళికి ఫ్రీమాంట్‌లో మన ఇళ్ళకు లైట్లు కట్టుకుంటూనే, ఇండియాలో అమ్మానాన్నల ఇంటికి కొత్త వైరింగ్ చేయిస్తున్నవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. ఎలక్ట్రీషియన్ ఫోన్ చేసి "ఎఫ్.ఆర్. వేయమంటారా, ఎఫ్.ఆర్.ఎల్.ఎస్. వేయమంటారా సార్?" అని అడిగితే, "ఏది మంచిదైతే అది వేసెయ్ బాబూ" అని ఊరుకుంటాం. మేమూ అదే చేశాం. తర్వాత కూర్చుని చదివితే, వైద్యులమై ఉండి ఇంత తేలిగ్గా తీసుకున్నామా అనిపించింది.

2025 మే 18న హైదరాబాదులో చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లోని ఒక ఇంట్లో మంటలు లేచి 17 మంది పోయారు. వారిలో ఎనిమిది మంది పిల్లలు. షార్ట్ సర్క్యూట్ కారణమని అధికారులు అనుమానించారు. చాలామంది ప్రాణం తీసింది మాత్రం పొగే.

మామూలు వైరు తొడుగు పి.వి.సి. అది కాలితే నల్లని పొగతో పాటు హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. కంట్లో, గొంతులో తడి తగిలితే అదే హైడ్రోక్లోరిక్ ఆసిడ్. కళ్ళు తెరవలేరు, తలుపు ఎటుందో తెలియదు. ఈలోగా కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది.

ఎఫ్.ఆర్. అంటే మంట వైరు వెంట పాకదని మాత్రమే. పొగ గురించి హామీ లేదు. ఎఫ్.ఆర్.ఎల్.ఎస్.లో పొగ, ఆసిడ్ తక్కువ, కానీ అదీ పి.వి.సి.యే. హాలోజన్ లేని హెచ్.ఎఫ్.ఎఫ్.ఆర్. వైరులో అసలు క్లోరిన్ ఉండదు. దీనికి ఐ.ఎస్. 17048 అనే భారతీయ ప్రమాణం ఉంది, చుట్ట మీద ఆ నంబరు చూసుకోండి. ఖరీదు కొంచెం ఎక్కువ. మైకా టేపు చుట్టిన 'ఫైర్ సర్వైవల్' కేబుల్ వేరే జాతి. మంటల్లో కూడా కరెంటు ఆగకూడని ఫైర్ పంపులకు, ఎమర్జెన్సీ లైట్లకు అది. ఇంట్లో ఫ్యానుకు అక్కరలేదు, ఎవరైనా అంటగడితే వద్దనండి.

మా నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, ఉండేది రెండో అంతస్తు. అందుకని పడకగదులకూ మెట్ల దారికీ హెచ్.ఎఫ్.ఎఫ్.ఆర్. వేయించాం, మిగతా ఇంటికి ఎఫ్.ఆర్.ఎల్.ఎస్.

ఏ వైరూ షార్ట్ సర్క్యూట్‌ను ఆపదు సుమా! సరైన సైజు వైరు, దానికి తగ్గ ఎం.సి.బి. ఉండాలి. ఏ.సి.కి సన్న వైరు వేసి పెద్ద ఎం.సి.బి. పెడితే, అది పడిపోయేలోపే వైరు కాలుతుంది.

ఇక్కడ మన పడకగదుల్లో ఉండే స్మోక్ అలారం అక్కడ చాలా ఇళ్ళలో కనిపించదు. ఈసారి వెళ్ళేటప్పుడు బాదంపప్పు పొట్లాల పక్కన బ్యాటరీతో నడిచేవి రెండు సర్దుకుంటున్నాం.