డబ్బా మీది పేరు చూసి మోసపోవద్దు

మదనపల్లె

చిరంజీవి అల్లుడికి,

కుప్పంలో పాత యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు కొన్నావని, కంపెనీ నుంచి దిగిన రోజు ఎట్లుండిందో అట్లనే చేయాలని పట్టుబట్టినావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మంచిదే. విదేశాల్లో పాత స్పోర్ట్స్ కార్లకు చేసే పూజ మన పక్క ఈ బండికి జరుగుతా ఉండాది. 1985లో వచ్చి, 1996లో ఆగిపోయిన బండి ఇది. రైలెక్కితే బెంగళూరే కదా అని సామాను కొనడానికి నేరుగా జేసీ రోడ్డుకు పోవద్దు. ముందు ఈ జాబు చదువు.

పుంగనూరు ఆవు సంగతి నీకు తెలుసు. పొట్టిగా ఉండే ప్రతి దూడనూ పుంగనూరు జాతి అని అంటగట్టేవాళ్లు ఉండారు. తెలిసినోడు ఎత్తొక్కటే చూడడు. కొమ్ములు చూస్తాడు, తోక నేలను తాకుతుందా చూస్తాడు, తల్లి ఏదని అడుగుతాడు. ఇంజన్ సామానుకూ ఆ తల్లి ఎవరో అడగాల.

యమహా సామాను నంబరులో మొదటి మూడు అక్షరాలు మోడల్ కోడ్. మన బండిది 1ఎల్1. ఇంజన్ నంబరూ దాంతోనే మొదలవుతుంది. తర్వాతి అయిదంకెలు అది ఏ సామానో చెప్తాయి. 11631 అంటే స్టాండర్డ్ పిస్టన్, 11635 అంటే పావు మిల్లీమీటరు ఓవర్‌సైజు, 11636 అంటే అర మిల్లీమీటరు. ఒక చిక్కుంది. ఆ మోడల్ కోడ్ సామాను మొదట ఏ మోడల్‌కు తయారైందో చెప్తుందే గానీ, ఏ బండికి బిగించినారో చెప్పదు. పాత మోడల్ సామానే కొత్త బండిలో వాడుకున్నవి ఉంటాయి. కోడ్ వేరేగా కనపడగానే నకిలీ అని విసిరేయొద్దు, 1ఎల్1 అని ఉన్నంత మాత్రాన నమ్మనూ వద్దు. నంబరు డబ్బా మీద అచ్చేయడానికి ఎంత సేపు?

అందుకే కొలవాల. ఆర్‌ఎక్స్ 100 బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకూ 50. ఆర్‌ఎక్స్ 135 స్ట్రోకూ 50నే, బోరు మాత్రం 58. స్ట్రోకు ఒకటే గనక క్రాంక్‌కేసు మూతి పెద్దది చేయించి, ఆ బ్లాకు దీని మీద ఎక్కించినోళ్లు మన పక్క బోలెడు మంది. పికప్ బాగుంటుంది, నిజమే. కానీ నువ్వడిగే ఒరిజినల్ అది కాదు, కోసేసిన మూతి మళ్లీ మామూలుగా రాదు. హెడ్ విప్పి వెర్నియర్‌తో బోరు కొలవాల. 50.5 వచ్చిందంటే ఒకసారో రెండుసార్లో బోరు చేయించినారని లెక్క. పిస్టన్ నెత్తిన 50 అని కొట్టి ఉంటే అర మిల్లీమీటరు ఓవర్‌సైజు అని, బోరు 50 అని కాదు. బాణం గుర్తు సైలెన్సర్ పక్కకు చూడాల.

నేనూ మోసపోయినా. ఒకసారి కొత్త డబ్బా, మెరిసే హోలోగ్రామ్ చూసి బ్లాక్ పిస్టన్ కిట్టు కొన్నా. రెండో రోజే హార్స్‌లీ హిల్స్ ఎక్కుతుంటే మూడో వంపులో పట్టేసింది. పిస్టన్ పక్కల నిలువు గీతలు, గోటితో తడిమితే తెలిసేంత లోతు. సిలికాన్ సరిపడా లేని అల్యూమినియం వేడికి ఎక్కువ ఉబ్బుతుంది, అంతే. అప్పట్నించీ ఒకటే మాట చెప్తా: ఇరవై ఏండ్లు నడిచిన అసలు బ్లాకు, బోరు చేయించుకునే సైజు మిగిలుంటే, కొత్త నకిలీ కంటే మేలు.

అట్లని అన్నీ ఒరిజినలే కావాలని మొండికేయొద్దు. క్రాంక్ బేరింగు అంచున నంబరు ఉంటుంది, అదే నంబరుది మంచి కంపెనీది ఏదైనా వేయి. ఆయిల్ సీళ్లు పాతవి ఉంచుకోవడం పిచ్చితనం. టూస్ట్రోక్‌లో సీలు గట్టిపడితే గాలి పీల్చుకుంటుంది, గాలిలో పెట్రోలు పలచబడి పిస్టన్ కాలుతుంది. నీ పట్టుదలంతా క్రాంక్‌కేసు, బ్లాకు, కార్బురేటరు, రీడ్ వాల్వు మీద పెట్టు.

ఇంకొకటి. ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబరూ, క్రాంక్‌కేసు మీద పంచ్ చేసిందీ ఒక్కటేనా చూసినావా? అంకెల చుట్టూ ఆకురాయి పెట్టిన జాడ ఉంటే ఆ బండి తిరిగిచ్చేయి, కొంత డబ్బు పోయినా సరే.

వచ్చే ఆదివారం బ్లాకు, పిస్టన్ మాత్రం విప్పి గుడ్డలో చుట్టుకొని బస్సెక్కి రా. వెర్నియర్ నా దగ్గర ఉండాది. అంతవరకు ఎవరికీ రూపాయి ఇయ్యొద్దు.

మీ మామ