కొండదారి సైకిలు

సైకిలు చదునైన బాట కోసం పుట్టిన వాహనం. రాళ్ళూ, చెట్ల వేళ్ళూ, వాననీరు కోసిన గండ్లూ నిండిన కొండదారికి అది తగదని చిరకాలం అందరూ భావించారు. ఆ భావనను మార్చినవారు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, మెరిన్ ప్రాంతానికి చెందిన కొందరు యువకులు. లావు టైర్లు గల పాతకాలపు సైకిళ్ళను సేకరించి, వాటిపై కొండలు దిగడం వారికి వినోదం. 1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ పట్టణ సమీపంలో వారొక పందెం నిర్వహించుకొన్నారు. రెండు మైళ్ళ పైచిలుకు దూరంలో సుమారు 1,300 అడుగులు కిందికి దిగే మట్టిబాట అది. అడుగుకు చేరేసరికి వెనుక చక్రంలోని బ్రేకు కాగిపోయి, లోపలి గ్రీజు పొగగా మారిపోయేది. మళ్ళీ గ్రీజు కూరనిదే ఆ సైకిలు మరో పరుగుకు పనికివచ్చేది కాదు. అందుచేతనే ఆ బాటకు ‘రీప్యాక్’ అనే పేరు స్థిరపడింది. మరుసటి సంవత్సరం జో బ్రీజ్ ఇటువంటి దారుల కోసమే ప్రత్యేకంగా ఒక సైకిలును నిర్మించాడు.

ఆనాటి సైకిళ్ళలో స్ప్రింగులు లేవు. తొక్కేవాని మోచేతులూ మోకాళ్ళే స్ప్రింగులు. 1989లో, మోటారు సైకిళ్ళ పందెాల అనుభవం గల పాల్ టర్నర్ ‘రాక్‌షాక్స్’ సంస్థను స్థాపించి, కుదుపును అణచే ముందు ఫోర్కును ప్రచారంలోకి తెచ్చాడు. దానిని అచిరకాలంలోనే అందరూ ఆమోదించారు. వివాదమంతా వెనుక చక్రం దగ్గర వచ్చింది.

క్రాస్ కంట్రీ పందెంలో దిగడం ఎంత ఉంటుందో ఎక్కడమూ అంత ఉంటుంది. వెనుక చక్రానికి కూడా సస్పెన్షన్ అమర్చాలంటే చట్రాన్ని రెండు భాగాలు చేసి, కీళ్ళతో కలిపి, నడుమ ఒక షాకును బిగించాలి. దానివలన బరువు పెరుగుతుంది. పైగా పెడలు తొక్కినప్పుడల్లా సైకిలు ఊగుతుంది. కాలి బలంలో కొంత ఆ ఊపులోనే వ్యర్థమవుతుంది. ఈ ఆక్షేపణ నిరాధారమైనది కాదు. కాని అది ఒక పక్షమే చూస్తుంది.

గతుకుల బాటలో ఎడ్లబండి ఎక్కినవారికి రెండవ పక్షం తెలుసు. చక్రం రాయిని ఎక్కినప్పుడల్లా బండీ, బస్తాలూ, మనుషులూ కలిసి పైకి లేవవలసిందే. ఎత్తే శ్రమ ఎద్దులది. సైకిలు మీద ఎద్దూ బస్తా కూడా తొక్కేవాడే! సస్పెన్షన్ ఉన్నచోట చక్రం మాత్రమే లేచి, రాయిని దాటి, వెంటనే నేలను తాకుతుంది. పై బరువు పెద్దగా కదలదు. అంతకంటె ముఖ్యమైన ప్రయోజనం ఎగుడు దారిలో కనిపిస్తుంది. వెనుక చక్రం క్షణకాలం నేలను విడిచినా, ఆ క్షణంలో తొక్కిన తొక్కుడు వృథా. కనుక ఈ అమరికను కేవలం సుఖసాధనంగా భావించడం పొరపాటు. ఊపును తగ్గించడానికి నిర్మాతలు కీళ్ళ స్థానాలను మార్చారు. హ్యాండిలు మీది మీటను నొక్కి షాకును బిగించే ఏర్పాటునూ చేశారు.

2012 ఆగస్టు 12న లండన్ ఒలింపిక్ పోటీలో ఈ రెండు పక్షాలూ ముఖాముఖి నిలిచాయి. చెక్ దేశీయుడు యారోస్లావ్ కుల్‌హవీది రెండు చక్రాలకూ సస్పెన్షన్ గల సైకిలు. స్విట్జర్లాండు వీరుడు నీనో షూర్టర్ సైకిలుకు ముందు మాత్రమే ఉంది. గంటన్నర పోరు తరువాత కుల్‌హవీ ఒక్క సెకను తేడాతో గెలిచాడు. ఆ సెకనును సైకిలు ఖాతాలో వేయడం తొందరపాటే. తొక్కిన కాళ్ళకూ కొంత కీర్తి దక్కాలి. అయినప్పటికీ, 2016 ఆగస్టు 21న రియోలో షూర్టర్ కుల్‌హవీని వెనుకకు నెట్టి స్వర్ణం సాధించినప్పుడు, అతని సైకిలుకు కూడా రెండు వైపులా సస్పెన్షన్ ఉంది.

పందెగానికి మరమ్మతు చేసేవారు వెంట ఉంటారు. సొంతానికి కొనుక్కొన్నవాడు అన్నీ తానే చూసుకోవాలి. షాకులోని గాలిని శరీరపు బరువును బట్టి నింపాలి. షాకు కడ్డీ నలభై మిల్లీమీటర్లు కదలగలిగితే, మనిషి నీళ్ళ సీసాతో సహా ఎక్కి కూర్చున్నప్పుడు పది మిల్లీమీటర్ల వరకు అణగడం తగిన కొలత. కడ్డీ మీది రబ్బరు వలయం ఆ కొలతను చూపుతుంది. అన్నకు సరిపెట్టిన సైకిలు తమ్మునికి సరిపోదు. అణగిన షాకు తిరిగి లేచే వేగాన్ని కూడా సరిచూడాలి. అది మితిమీరితే సైకిలు పొగరుబోతు గుర్రంలా వెనుక నుంచి ఎగదన్నుతుంది.

కీళ్ళలోని బేరింగులకు మట్టి, నీరు శత్రువులు. బురద వదలాలని నీటిని వేగంగా చిమ్మితే లోపలి గ్రీజు కూడా కొట్టుకొనిపోతుంది. సుమారు యాభై గంటల స్వారీకి ఒకసారి ఫోర్కు విప్పి, నూనె మార్చాలి. తారురోడ్డు మీదనే తిరిగేవారికి ఈ ఖర్చు దండుగ. కొండదారి పట్టేవారు మాత్రం ఇల్లు చేరగానే మెత్తని గుడ్డతో ఫోర్కు కడ్డీలనూ షాకు కడ్డీనీ తుడవాలి. వాటిని అంటిపెట్టుకొన్న ఇసుక రేణువులు గీతలు పెడితే, ఆ గీతల వెంట నూనె, గాలి మెల్లగా బయటికి పోతాయి.