10,000 పవర్‌బ్యాంక్ మీ 5,000 ఫోన్‌ని రెండుసార్లు ఎందుకు నింపదు?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయాయి. చాలా ఊళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. అప్పట్నుంచి మా వైపు అక్టోబరు వస్తుందంటే పవర్‌బ్యాంక్ నింపి పెట్టుకుంటారు. తుపాను హెచ్చరిక రాగానే చుట్టాల దగ్గర్నుంచి నాకొచ్చే ప్రశ్న కూడా ఒకటే: "10,000 ఎంఏహెచ్ అని కొన్నాం, 5,000 బ్యాటరీ ఫోన్ రెండుసార్లు ఎక్కట్లేదు. మోసమా?"

అన్నిసార్లూ మోసం కాదు. కాకపోతే ఎంఏహెచ్ సగం సంగతే చెప్తుంది.

మేడ మీద నీళ్ళ ట్యాంకు ఊహించుకోండి. ట్యాంకు ఎంత ఎత్తులో ఉంటే కుళాయి దగ్గర అంత ఒత్తిడి. కరెంటులో ఆ ఒత్తిడే వోల్టేజ్. పైపులో సెకనుకి ఎన్ని నీళ్ళు పోతున్నాయన్నది కరెంట్, ఆంపియర్లలో కొలుస్తాం. ఫ్యాన్ స్విచ్ ఆపేసినా లైన్లో 230 వోల్టులు అలాగే ఉంటాయి, కరెంట్ మాత్రం పారదు. ఆ లెక్కన మనం "కరెంటు పోయింది" అన్నప్పుడు అసలు పోయింది వోల్టేజ్! ఈ రెండూ గుణిస్తే వాట్లు. వాట్లని గంటలతో గుణిస్తే వాట్-అవర్లు, అంటే నిజంగా దాచుకున్న శక్తి. కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 1000 వాట్-అవర్లు.

ఎంఏహెచ్‌లో వోల్టేజ్ లెక్క ఉండదు. పవర్‌బ్యాంక్ లోపలి సెల్ సుమారు 3.7 వోల్టులది. 10,000 ఎంఏహెచ్ అంటే 10 ఆంపియర్-అవర్లు, 3.7తో గుణిస్తే 37 వాట్-అవర్లు. యూఎస్‌బీ నుంచి బయటికి 5 వోల్టులు రావాలి కాబట్టి లోపలి సర్క్యూట్ ఒత్తిడి పెంచాలి. ఆ పనిలో కొంత శక్తి వేడిగా పోతుంది. 15 శాతం పోయిందనుకుంటే మిగిలేది 31. మీ ఫోన్ బ్యాటరీ 3.85 వోల్టుల దగ్గర 19 వాట్-అవర్లు. ఫోన్ లోపల పోయేది కూడా తీసేస్తే ఒకటిన్నర సార్లు ఎక్కుతుంది, అంతే. అందుకే కొనేముందు డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉండే 'రేటెడ్ కెపాసిటీ' చూడండి. నన్నడిగితే ముందువైపు పెద్దగా వేయాల్సింది ఆ నంబరే.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఇంకో లెక్క. 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీ పవర్‌బ్యాంక్‌కి 15 రెట్లేగా అనిపిస్తుంది. కానీ అది 12 వోల్టులది, అంటే 1800 వాట్-అవర్లు. దాదాపు 48 రెట్లు! ఫ్యాన్లు ఆపి దాన్ని ఫోన్లకే ఉంచుకుంటే వీధిలో అందరి ఫోన్లూ బతుకుతాయి.

ఇప్పుడు వైర్‌లెస్ పవర్‌బ్యాంక్‌ల సంగతి. తీగచుట్టలో కరెంట్ పారితే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఆ క్షేత్రం మారుతూ ఉంటే పక్కనున్న ఇంకో చుట్టలో వోల్టేజ్ పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసేదీ ఇలాగే. ఇక్కడ 'మారుతూ' అన్నదే ముఖ్యం. బ్యాటరీ ఇచ్చేది ఒకే దిశలో పారే కరెంట్. కాబట్టి పవర్‌బ్యాంక్ ముందు దాన్ని సెకనుకి లక్షసార్లకు పైగా అటూఇటూ తిప్పాలి, ఫోన్ మళ్ళీ దాన్ని తిన్నగా చేసుకోవాలి. దీనికి తోడు రెండు చుట్టల మధ్య ఖాళీ. ట్రాన్స్‌ఫార్మర్లో అయితే ఇనుప కోర్ క్షేత్రాన్ని పట్టి ఉంచుతుంది, ఇక్కడ కొంత పక్కకి పోతుంది. ఫోన్ కాస్త జరిగినా, కవరు మందంగా ఉన్నా నష్టం ఇంకా ఎక్కువ. ఫోన్ వెనక వెచ్చగా తగిలేది ఆ పోయిన ఛార్జే.

కరెంటు ఉన్న రోజుల్లో వైర్‌లెస్ సుఖంగానే ఉంటుంది. తుపాను రాత్రికి మాత్రం కేబుల్ తీయండి.