తీగ పోని చోట కరెంటు

కరెంటు అంటే మనకు స్తంభం, తీగ, ట్రాన్స్‌ఫార్మరు గుర్తొస్తయి. సిరిసిల్లలో 1970లో మొదలైన సెస్ సహకార సంఘం తీగలు గుంజి ఊరూరికి కరెంటు ఇచ్చింది. సౌరశక్తి అన్నా మనవైపు రామగుండం పేరే చెబుతరు. అక్కడ ఎన్టీపీసీ రిజర్వాయరు నీళ్లమీద తేలే సోలార్ ప్లేట్లతో 100 మెగావాట్ల కేంద్రం 2022లో పూర్తయింది. కాని ఆ కరెంటు కూడా తీగ మీదనే రావాలె. మరి తీగ పోలేని చోట? పోనియ్యకూడని చోట?

తీగ పోలేని చోటు అంటే దీవి. బెంగాల్ సుందరవనాల్లోని సాగర్ దీవిలో, కమల్‌పూర్ అనే ఊర్లో 1996లో సుమారు 26 కిలోవాట్ల సౌర కేంద్రం పెట్టిన్రు. పగలు వచ్చిన కరెంటును బ్యాటరీలల్ల దాచి, పొద్దుగూకినంక ఇండ్లకు దీపాలు వెలిగించిన్రు.

తీగ పోనియ్యకూడని చోటు మనకు దగ్గర్లనే ఉంది. ధర్మపురి దాటి, రాయపట్నం వంతెన మీదుగా లక్షెట్టిపేట పోయి, అక్కడినుంచి జన్నారం పోతే కవ్వాల్ అడవి. 1965లో అభయారణ్యం అయింది, 2012లో పులుల రక్షిత ప్రాంతం అయింది. అడవిలో తీగ ఉంటే వేటగాళ్లు దానికి కొక్కెం తగిలించి, జంతువులు నడిచే బాటలో కరెంటు పారిస్తరు. అడవిపంది కోసం పెట్టిన తీగ పులిని గుర్తుపట్టదు, మనిషినీ గుర్తుపట్టదు. 2016లో మంచిర్యాల జిల్లా కోటపల్లి మండలంలో ఒక పులి ఇట్లనే చచ్చింది. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో గాలింపుకు పోయిన ఒక గ్రేహౌండ్స్ జవాను ఇసొంటి తీగ తగిలే ప్రాణం పోగొట్టుకున్నడు.

కాని ఎండకాలం వాగులు ఎండుతయి. మనుషులమైతే ఇసుకల చెలిమ తోడుకుంటం, దుప్పి ఏం చేస్తది? అందుకే అటవీశాఖ వాళ్లు కవ్వాల్‌లో బోర్లు వేసి, వాటికి సోలార్ పంపులు పెట్టిన్రు. నీళ్లు సాసరు లెక్క వాలుగా కట్టిన సిమెంటు గుంతలోకి పోతయి. పిల్ల జంతువు దిగినా మునగకుండ మళ్లీ ఎక్కి రావాలె, అందుకే ఆ వాలు.

ఇక్కడ ఒక లెక్క చూడండి. నిండు మధ్యాహ్నం ఒక చదరపు మీటరు నేలమీద సుమారు 1000 వాట్ల ఎండ పడుతది. మంచి ప్లేటు అందులో అయిదో వంతు, అంటే 200 వాట్లు కరెంటు చేస్తది. 2 హెచ్.పి. మోటారుకు దాదాపు 1500 వాట్లు కావాలె. తరుగు పోను పది చదరపు మీటర్ల ప్లేట్లు సరిపోతయి. అదే మోటారును రాత్రి బ్యాటరీతో నడిపితే? 12 వోల్టులు, 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో 1200 వాట్-గంటలు ఉంటయి. సీసం బ్యాటరీని సగానికి మించి వాడితే తొందరగా పాడైతది. మిగిలిన 600తో మోటారు 24 నిమిషాలే నడుస్తది! అందుకే అడవి పంపుకు బ్యాటరీ పెట్టరు. ఎండ ఉన్నప్పుడు నీళ్లు తోడి గుంత నింపుతరు, రాత్రి జంతువులు తాగుతయి. ఆ గుంతనే బ్యాటరీ అనుకోవచ్చు. పైగా ఎండ ఎంత మండితే నీళ్లు అన్ని వస్తయి. దీవిలో దీపానికి ఈ సౌకర్యం లేదు, ఎందుకంటే దీపం కావాల్సిందే చీకట్ల.

ఒక చిక్కుంది. ప్లేటులో సెల్సు అన్నీ వరుసగా, ఒకదాని వెనుక ఒకటి కలిపి ఉంటయి. ఒక్క మోదుగాకు పడి ఒక సెల్లుకు నీడైనా ఆ వరుసంతా నీరసపడుతది. దుమ్ము, పిట్టరెట్ట సరేసరి. తుడిచే మనిషి లేకుంటే ప్లేటు ఉత్త అద్దం.

ఇంకోటి. జంతువుల నీళ్లకు సరిపోయింది కదా అని, అడవిలోని గూడేలకు కూడా చిన్న ప్లేటు, రెండు బల్బులు ఇస్తే అయిపోయినట్టు కాదు. 40 వాట్ల ప్లేటుతో చదువుకోవచ్చు. 5 హెచ్.పి. పిండిగిర్నీకి 3700 వాట్లు కావాలె. గూడేనికి పెద్ద ప్లాంటన్నా రావాలె, కొక్కెం తగిలించ వీలులేకుండ తొడుగున్న కేబులన్నా రావాలె. గ్రామసభలో అడిగేటప్పుడు 40, 3700 అనే రెండు అంకెలు పక్కపక్కన రాసి అడగాలె.