ధర్మపురి ఇంట్లో తొలి హోమ్ థియేటర్: ముందు ఏది కొనాలి?

నేపథ్యం

గోదావరి ఒడ్డున లక్ష్మీనరసింహస్వామి కొలువైన ధర్మపురి, 2016 అక్టోబరు 11న పాత కరీంనగర్ నుంచి విడిపోయి ఏర్పడిన జగిత్యాల జిల్లాలో ఉంది. ఈ పట్టణం నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి దుబాయ్, సౌదీ, మస్కట్‌లకు పనికి పోయినవాళ్లు ఎందరో. ఆ కష్టార్జితంతో లేచిన స్లాబు ఇళ్ల హాళ్లలో పెద్ద టీవీ ఇప్పుడు మామూలే. థియేటర్‌లో చూసినట్టు ఇంట్లోనూ సినిమా చూడాలన్న కోరిక అక్కడే మొదలవుతుంది. కానీ చాలామంది పైసలన్నీ తెరకే పోసి, చెవికి ఏమీ మిగల్చడం లేదు. నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: ముందు గదిని సరిచేసుకోవాలి, తర్వాత స్పీకర్లు, ఆ తర్వాతే తెర. ఎందుకో తెలుసుకోవడానికి హైస్కూలు ధ్వని పాఠం చాలు. టెట్, డీఎస్సీ, గ్రూప్స్ రాసేవాళ్లు చదివే ధ్వని, కాంతి, విద్యుత్తు, జీఎస్టీ, వినియోగదారుల చట్టం అన్నీ ఈ ఒక్క కొనుగోలులో ఎదురవుతాయి.

ముందు గది

మన వైపు కొత్త ఇంటి హాలులో కింద టైల్స్ లేదా గ్రానైటు, పైన స్లాబు, చుట్టూ నున్నటి సిమెంటు గోడలు. ఇలాంటి గట్టి ఉపరితలం తన మీద పడిన ధ్వనిలో నూటికి రెండు మూడు వంతులు మాత్రమే పీల్చుకుంటుంది, మిగతాదంతా వెనక్కి కొడుతుంది. అందుకే ఖాళీ హాలులో హీరో చెప్పిన ఒక మాట ఇంకా వినిపిస్తుండగానే రెండో మాట వచ్చి దాని మీద పడుతుంది.

దీన్ని చాలామంది ప్రతిధ్వని అంటారు. పరీక్షలో మార్కు పోయేది ఇక్కడే. ఒక శబ్దం విన్నాక దాని అనుభూతి మన చెవిలో 0.1 సెకను ఉంటుంది. గాలిలో ధ్వని వేగం సెకనుకు 344 మీటర్లు అనుకుంటే, ప్రతిధ్వని విడిగా వినిపించాలంటే అడ్డుగోడ కనీసం 17.2 మీటర్ల దూరంలో ఉండాలి. మామూలు ఇంటి హాలు అంత పొడవు ఉండదు. హాలులో వినిపించేది ప్రతినాదం, అంటే పదేపదే పరావర్తనం చెందిన ధ్వనులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కొంతసేపు నిలిచి ఉండటం.

దీన్ని మొదట లెక్కగట్టినవాడు వాలెస్ సబైన్. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో పాఠం ఎవరికీ అర్థమయ్యేది కాదు. పలికిన మాట దాదాపు 5.5 సెకన్లు గదిలోనే తిరుగుతుండేది. బాగుచేసే పని ఈ యువ అధ్యాపకుడి మీద పడింది. ఊరు సద్దుమణిగిన రాత్రివేళల్లో పక్కనున్న శాండర్స్ థియేటర్ సీట్ల మెత్తలు మోసుకొచ్చి పరిచేవాడు. ఆర్గన్ గొట్టం మోగించి, ఆపాక ధ్వని ఎంతసేపు నిలుస్తుందో గడియారంతో కొలిచేవాడు. మెత్తలు పెరిగేకొద్దీ సమయం తగ్గింది. అలా తేలిన సూత్రం ఇది: ప్రతినాద కాలం = 0.161 × గది ఘనపరిమాణం ÷ మొత్తం శోషణ. 1900లో తెరుచుకున్న బోస్టన్ సింఫనీ హాలును ఈ లెక్కతోనే రూపొందించారు.

దీన్నే మన హాలుకు వేసి చూద్దాం. 15 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు అంటే సుమారు 51 ఘనపు మీటర్లు. గోడలు, నేల, కప్పు కలిపి ఉపరితలం 84 చదరపు మీటర్ల దాకా వస్తుంది. అందులో నూటికి మూడు వంతులు, అంటే 2.5 యూనిట్ల శోషణ. ప్రతినాద కాలం 3.3 సెకన్లు! సినిమా మాట స్పష్టంగా వినిపించాలంటే అది అర సెకనులోపు, 0.4 దగ్గర ఉండాలి. దానికి శోషణ 20 యూనిట్ల దాకా పెరగాలి.

ఇందుకు ఖరీదైన ప్యానెళ్లు అక్కర్లేదు. మెత్తటి సోఫా, నేల మీద మందపాటి తివాచీ, కిటికీలకు బరువైన పరదాలు, ఒక గోడకు నిండా పుస్తకాల అర ఉంటే సగం పని అయిపోతుంది. మన ఇళ్లలో ఉండే గొంగడి, పాత చీరలతో కుట్టిన బొంత మంచి శోషకాలు. గోడకు అంటించకుండా నాలుగైదు అంగుళాల ఎడంతో వేలాడదీస్తే ఇంకా బాగా పనిచేస్తాయి. కోడిగుడ్ల అట్టలు గోడలకు అంటించే అలవాటు మాత్రం వద్దు. పలుచటి అట్ట మంద్ర ధ్వనులను ఏమీ చేయలేదు, మంటకు త్వరగా అంటుకుంటుంది కూడా.

స్పీకర్లు: మాట వినిపించాలి

తెలుగులో తొలి టాకీ 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన 'భక్త ప్రహ్లాద'. నరసింహుడి కథతోనే తెలుగు సినిమా మాట్లాడటం నేర్చిందన్నది ధర్మపురివాళ్లకు ఇష్టమైన సంగతి. అప్పుడు ధ్వని అంతా ఒకే దారిలో వచ్చేది. తల మీదుగా కూడా ధ్వని వినిపించే డాల్బీ అట్మాస్ 2012లో 'బ్రేవ్' అనే చిత్రంతో మొదలైంది. 2015లో 'బాహుబలి: ది బిగినింగ్' ఆ ధ్వనితో వచ్చింది.

ఇంటి స్పీకర్ల సెట్ల మీద రాసే 5.1 అంటే ఎదుట ఎడమ, మధ్య, కుడి; పక్కన కొంచెం వెనకగా రెండు; '.1' అంటే మంద్ర ధ్వనుల సబ్‌వూఫర్. 5.1.2లో చివరి 2 పైనుంచి వచ్చే అట్మాస్ ధ్వనికి. వీటిలో సంభాషణలో ఎక్కువ భాగం వచ్చేది మధ్య స్పీకర్ నుంచే. కాబట్టి డబ్బు తక్కువైతే వెనక రెండింటినీ తర్వాత కొనండి, మధ్యదానిలో మాత్రం పొదుపు చేయకండి. చిన్న గదికి మంచి సౌండ్‌బార్ చాలు.

డబ్బా మీద రాసిన వాట్లు చూసి మోసపోవద్దు. పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ సామర్థ్యం) అని ఉంటే వదిలేసి, నిలకడగా ఇచ్చే ఆర్ఎంఎస్ వాట్లు ఎంతో అడగండి. డెసిబెల్ సంవర్గమాన కొలత: సామర్థ్యం రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్లే, పదింతలైతే 10 డెసిబెల్లు. 50 వాట్లకూ 100 వాట్లకూ చెవికి తెలిసే తేడా చాలా తక్కువ.

సబ్‌వూఫర్‌కు ఇంకో చిక్కుంది. 40 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం 344 ÷ 40 = 8.6 మీటర్లు, అంటే హాలు కంటే పెద్దది. అందుకే స్థిర తరంగాలు ఏర్పడి ఒకచోట దద్దరిల్లుతుంది, రెండడుగుల అవతల ఏమీ వినిపించదు. సబ్‌వూఫర్‌ను మీరు కూర్చునే సోఫా మీద పెట్టి, గోడల వెంట వంగి నడుస్తూ ఎక్కడ సమంగా వినిపిస్తుందో చూడండి. దాన్ని పెట్టాల్సింది అక్కడే.

తెర

16:9 నిష్పత్తిలో 55 అంగుళాల తెర వెడల్పు సుమారు 122 సెం.మీ. కంటికి 30 డిగ్రీల కోణంలో తెర నిండాలంటే కర్ణానికి 1.6 రెట్ల దూరంలో, అంటే సుమారు రెండుంపావు మీటర్లలో కూర్చోవాలి. 4కె అంటే 3840 × 2160, ఫుల్ హెచ్‌డీకి నాలుగు రెట్ల పిక్సెళ్లు. ఎల్‌ఈడీ టీవీ తెల్లటి వెలుగుకు ఆధారమైన నీలి ఎల్‌ఈడీకి 2014లో భౌతిక శాస్త్ర నోబెల్, క్యూఎల్‌ఈడీ టీవీల వెనకున్న క్వాంటమ్ చుక్కలకు 2023లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చాయి. మన ఎండలకు పగలు హాలులో వెలుతురు ఎక్కువ కనుక, కిటికీలు పూర్తిగా మూయలేకపోతే ప్రొజెక్టర్ ఆలోచన మానుకోవడం మంచిది.

కరెంటు, ఎండ

గృహ సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఇక్కడ పంపిణీ చేసేది హనుమకొండ కేంద్రంగా ఉన్న ఉత్తర తెలంగాణ విద్యుత్ సంస్థ. ఎర్తింగ్ సరిగా లేకపోతే స్పీకర్లలో గుయ్‌మనే హమ్ రావచ్చు, కాబట్టి ముందు దాన్ని చూపించుకోండి. మే నెలలో ఇక్కడ ఉష్ణోగ్రత 45 డిగ్రీలు తాకుతుంది. యాంప్లిఫయర్‌ను మూసిన అల్మారాలో పెట్టకుండా, పైన అర అడుగైనా గాలి ఆడేలా వదలండి. ఆ వేడిలో ధ్వని వేగం కూడా పెరుగుతుంది: సున్నా డిగ్రీల వద్ద 331, ఆపై డిగ్రీకి 0.6 చొప్పున కలిపితే 45 డిగ్రీల వద్ద 358 మీటర్లు. ఇక తీగల సంగతి: టీవీ ధ్వని యాంప్లిఫయర్‌కు ఒకే తీగలో రావాలంటే హెచ్‌డీఎంఐ ఆర్క్ లేదా ఈఆర్క్ అని రాసి ఉన్న రంధ్రానికే కలపాలి.

గల్ఫ్ సామాను, పన్ను, చట్టం

దుబాయ్ నుంచి టీవీ తెచ్చుకుంటే చవక అన్న లెక్క 2013 ఆగస్టు 26తో మారింది. ఆ రోజు నుంచి ఫ్లాట్ ప్యానెల్ టీవీలను ప్రయాణికుల సుంకం లేని సామాను పరిమితిలోంచి తీసేశారు. పైగా అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కొనేముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. దేశంలో 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. ప్రొజెక్టర్లకూ అంతే. బిల్లు తప్పక తీసుకోండి. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఫిర్యాదుకు అదే ఆధారం. జాతీయ హెల్ప్‌లైన్ 1915.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్లు పరిమితి. గోడకు గోడ ఆనుకున్న మన వీధుల్లో సబ్‌వూఫర్ మోత పక్కింటి పసిపాపను లేపుతుంది. రాత్రి దాని గొంతు తగ్గించండి.

సాధన ప్రశ్నలు

1. 50 ఘనపు మీటర్ల గదిలో శోషణ 10 యూనిట్లు. ప్రతినాద కాలం ఎంత? (0.805 సెకన్లు)

2. సామర్థ్యాన్ని నాలుగు రెట్లు చేస్తే ధ్వని స్థాయి ఎంత పెరుగుతుంది? (6 డెసిబెల్లు)

3. ఉష్ణోగ్రత 20 నుంచి 45 డిగ్రీలకు పెరిగితే గాలిలో ధ్వని వేగం ఎంత పెరుగుతుంది? (సెకనుకు 15 మీటర్లు)