వెన్నపండు

మన ఆలంకారికులు కావ్యరసాన్ని పండ్లతో పోల్చారు. నోట వేసుకోగానే రసమిచ్చేది ద్రాక్షాపాకం. తొక్క ఒలిస్తే గాని అందనిది కదళీపాకం. పెంకు పగులగొడితే గాని లభించనిది నారికేళపాకం. ఈ మూడింటిలోనూ ఇమడని పండు ఒకటి ఉంది. అది చెట్టున ఉన్నంతకాలం మెత్తబడదు. కోసిన తరువాత కొన్నాళ్ళు వేచి ఉంటేనే తినడానికి అనువవుతుంది. అదే అవకాడో. వెన్నవంటి గుజ్జు కలది కనుక దీనిని వెన్నపండు అని కూడా అంటారు.

అవకాడో జన్మస్థానం మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలు. ఆజ్టెక్ ప్రజల నావాట్ల్ భాషలో దీని పేరు ‘ఆవాకాట్ల్’. 16వ శతాబ్దంలో వచ్చిన స్పానిష్‌వారి నోట అది ‘అగ్వకాతే’ అయింది. మన వంటింటి దాల్చినచెక్క, బిర్యానీ ఆకు ఈ చెట్టు కుటుంబానికి చెందినవే.

సాధారణంగా పండ్లలో చక్కెర అధికం, కొవ్వు స్వల్పం. అవకాడో ఇందుకు భిన్నమైనది. 100 గ్రాముల గుజ్జులో సుమారు 15 గ్రాముల కొవ్వు, 7 గ్రాముల పీచు ఉంటాయి. ఆ కొవ్వులో అధికభాగం ఆలివ్ నూనెలో ఉండే ఒలీయిక్ ఆమ్లమే. వెన్న, నెయ్యివంటి వాటికి బదులుగా ఇటువంటి కొవ్వును వాడితే రక్తంలోని చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుంది. పొటాషియం అరటిపండులో కంటె ఇందులో ఎక్కువ. అయితే 100 గ్రాములకు సుమారు 160 కెలోరీలు లభిస్తాయి కనుక మితంగా తినడమే మేలు. రబ్బరుపాల వస్తువులు సరిపడని వారిలో కొందరికి ఈ పండు కూడా సరిపడదు. దీనిలోని పెర్సిన్ అనే పదార్థం పక్షులకు, పశువులకు హానికరం.

మెక్సికోవాసులు ఈ గుజ్జును రాతిరోట మెదిపి, ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం చేర్చి ‘గ్వాకమోలే’ చేస్తారు. అది మన రోటిపచ్చడిని తలపిస్తుంది. ఇండోనేషియాలోనూ, మన బెంగళూరులోనూ పాలు, చక్కెర కలిపి పానీయంగా సేవిస్తారు. కోసిన ముక్క గాలి తగిలి నల్లబడుతుంది. నిమ్మరసం పూస్తే ఆ మార్పు మందగిస్తుంది. గుజ్జునుండి తీసిన నూనె పొడిబారిన చర్మాన్ని మృదువుగా ఉంచుతుంది. అందుకే సబ్బులు, లేపనాలు, కేశతైలాల తయారీలో దానిని వాడుతున్నారు.

నేడు ప్రపంచ విపణిలో అధికంగా కనిపించే రకం ‘హాస్’. కాలిఫోర్నియాలో రుడాల్ఫ్ హాస్ అనే తపాలా ఉద్యోగి 1920లలో నాటిన ఒక గింజనుండి ఇది పుట్టింది. ఆ మొక్కకు వేరొక రకాన్ని అంటుకట్టగా అతకలేదు. అతడు దానిని నరికివేయాలనుకున్నాడు. కాని దాని కాయల రుచి ఇంట్లోని పిల్లలకు నచ్చడంతో ఆ చెట్టు బ్రతికింది. 1935లో హాస్ పేటెంటు పొందినా, దానివల్ల కలిగిన లాభం స్వల్పమే. మూలవృక్షం వేరుకుళ్ళు తెగులుతో 2002లో మరణించింది. దాని అంట్లు మాత్రం ఖండాంతరాలలో ఫలిస్తున్నాయి.

ఈ కీర్తికి మరొక పార్శ్వం కూడా ఉంది. ప్రపంచంలో అత్యధికంగా అవకాడో పండించే దేశం మెక్సికో. ఆ పంటకు కేంద్రం మిచోవాకాన్ రాష్ట్రం. గిరాకీ పెరిగినకొద్దీ అక్కడి కొండలపై పైన్, సింధూర వృక్షాలను నరికి తోటలు వేశారు. కెనడా, అమెరికాలనుండి వేలకిలోమీటర్లు ఎగిరివచ్చే మోనార్క్ సీతాకోకచిలుకలు శీతకాలం గడిపేది ఆ ప్రాంతపు అడవులలోనే. తోటలు విస్తరించినచోట నీటి ఎద్దడి కూడా పెరిగింది. 2011 ఏప్రిల్‌లో అదే రాష్ట్రంలోని చెరాన్ పట్టణప్రజలు తమ అడవిని అక్రమంగా నరికేవారిపై తిరగబడ్డారు. ముందు నిలిచినవారు స్త్రీలు. తరువాత ఆ పట్టణవాసులు తమ అడవిని తామే కాపాడుకుంటూ, మొక్కలు నాటి పెంచుకున్నారు.

ఒక ఫలం విలువ దాని పోషకాలతో మాత్రమే తేలదు. అది ఏ నేలపై, ఏ నీటితో, ఏ చెట్టు స్థానంలో పండిందో కూడా తెలియాలి. వెన్నపండు వేచి ఉన్నవారికే రుచిస్తుంది. త్వరపడి అడవిని నరికిన మనిషి ఆ పండునుండి నేర్వవలసిన పాఠం కూడా ఆ ఓర్పే.